అల్లుడుగారు చెప్పిన ప్రాసెసర్

కంప్యూటర్ కొనబోయే కుర్రవాళ్ళు ఇప్పటికీ మా ఇంటికి వస్తుంటారు. "మీరు ఆ లైన్లో చాలాకాలం ఉన్నారు కదండీ, డెస్క్‌టాప్ ప్రాసెసర్ తీసుకోమంటారా, వర్క్‌స్టేషన్ ప్రాసెసర్ తీసుకోమంటారా?" అని అడుగుతారు. నేను వెంటనే జవాబు చెప్పను. ముందు మా ఆవిడ చేత కాఫీ ఇప్పిస్తాను. కాఫీ తాగినవాడు మధ్యలో లేచిపోవడం మా కోనసీమలో మర్యాద కాదు కాబట్టి, ఆ తర్వాత ఈ సంగతి మొత్తం చెబుతాను. మీకు కాఫీ ఇవ్వలేను గానీ, మీరూ కాస్త ఓపిక పట్టండి.

నేను అమలాపురంలో ఒక చిన్న సర్వే ఆఫీసులో కంప్యూటర్ల బాధ్యత చూస్తూ రిటైరయ్యాను. కాలవలు, చేపల చెరువులు, ఇళ్ళ స్థలాలు కొలిచి ప్లాన్లు గీసి ఇవ్వడం మా పని. యజమాని డ్రెయిన్ల శాఖలో ఇంజనీరుగా చేసి బయటికొచ్చిన మనిషి. ఊళ్ళో అందరూ ఆయన్ని ఇంజనీరుగారనే అంటారు, నేనూ అలాగే అంటాను. చర్చిలో పెద్ద. ఎవరినీ పల్లెత్తు మాట అనరు. ఒకసారి నోట్లోంచి మాట వచ్చిందంటే దాని మీదే నిలబడతారు. మనిషికి ఇంతకన్నా మంచి గుణాలు ఏం కావాలి అనుకుంటాం గానీ, ఈ గుణాలే మమ్మల్ని చిక్కులో పడేశాయి.

ఆఫీసులో ప్లాన్లు గీసే అమ్మాయి నగరం అనే పల్లెటూరి నుంచి బస్సులో వచ్చేది. అమ్మాయి అంటున్నాను గానీ ఒక కూతురికి తల్లి. డిప్లొమా చదువుకుంది. గీత గీసిందంటే మళ్ళీ చూసుకోనక్కరలేదు. ఆమె కంప్యూటర్ మాత్రం ముసలిదైపోయింది. డ్రోన్ ఫోటో వెనకాల పెట్టుకుని దాని మీద కాలవ గట్టు గీయాలంటే, బొమ్మను కాస్త జరిపిన ప్రతిసారీ ఆ మిషను ఆలోచనలో పడేది. ఆమె చేతులు కట్టుకుని తెర వంక చూస్తూ కూర్చునేది. రోజులో సగం గీయడం, సగం ఎదురుచూడడం. ఇంజనీరుగారు "పొద్దుపోతోందమ్మా, వెళ్ళు" అంటూనే ఉండేవారు. చేతిలో పని సగంలో వదిలి వెళ్ళడం ఆమెకు చేతకాదు. ముందు బస్సు తప్పిపోయి తర్వాతి బస్సుకి వెళ్ళేది, ఇల్లు చేరేసరికి చీకటి పడేది.

ఇంటి దగ్గర పరిస్థితి వేరు. భర్తకి గ్యాస్ పైపులైను దగ్గర షిఫ్టు డ్యూటీ. పిల్లని చూసుకునేది అత్తగారే. ఆ పెద్దావిడకి చూపు మందగించింది. షుగర్ అదుపులోకి వస్తే గానీ కంటి ఆపరేషన్ చేయమని డాక్టర్లు చెప్పారు. పగలు ఎలాగో నెట్టుకొస్తుంది, మసక చీకటి పడితే పిల్ల ఎటు వెళ్ళిందో ఆవిడకి కనబడదు. పెరటి గుమ్మం దాటితే పంట కాలవ. ఒకరోజు మధ్యాహ్నం అన్నాల వేళ ఆ అమ్మాయి నాతో మెల్లగా చెప్పింది.

"ఈ నెలాఖరు దాకా చూస్తానండి బాబాయిగారూ. అప్పటికీ ఇలాగే ఉంటే మానేస్తాను."

"అదేంటమ్మా! ఇంజనీరుగారితో చెప్పకపోయేవా?"

"ఎలా చెప్తానండీ? ఆయన నన్ను వెళ్ళిపోమనే అంటారు కదా. మిషను ముసలిదైతే ఆయన మాత్రం ఏం చేస్తారండి?"

నాకు ఆ పూట అన్నం సహించలేదు. ఆమె జీతం మీద ఆ ఇల్లు నడుస్తోందని కాదు. ఆ పని అంటే ఆమెకి ప్రాణం. పూర్తయిన ప్లానుని గోడకి ఆనించి, నాలుగడుగులు వెనక్కి వేసి చూసుకునేటప్పుడు ఆమె మొహం చూడాలి. అలాంటి మనిషి ఒక పాత మిషను మూలంగా ఇంట్లో కూర్చోవడం నాకు అన్యాయంగా తోచింది.

అంతలో ఉప్పలగుప్తం వైపు మురుగు కాలవల పని మాకు వచ్చింది. డ్రోన్‌తో తీసిన ఫోటోలన్నీ కలిపి ఒక పెద్ద పటంగా కుట్టాలి, ఆ పటం మీద గట్లూ చెరువులూ గీయాలి. ఇదివరకు కుట్టే పనిని బయటి ఊరికి పంపేవాళ్ళం. ఈసారి మన దగ్గరే చేద్దామని, కొత్త మిషను కొందామని ఇంజనీరుగారు అన్నారు. నాకు పండగలా అనిపించింది. ఉన్న బడ్జెట్‌లో మంచి డెస్క్‌టాప్ మిషన్లు రెండు వస్తాయి. ఒకటి ఫోటోలకి, ఒకటి ఆ అమ్మాయికి. అలా కాకుండా వర్క్‌స్టేషన్ ప్రాసెసర్ ఉన్న మిషను తీసుకుంటే ఒక్కటే వస్తుంది. అది ఫోటోలకని కేటాయించిన వేరే గదిలోకి పోతుంది, ఆ అమ్మాయికి పాతదే మిగులుతుంది.

ఆ రోజుల్లోనే ఇంజనీరుగారి అమ్మాయి తొలి కాన్పుకి పుట్టింటికి వచ్చింది. ఆడపిల్ల పుట్టింది. అల్లుడుగారు హైదరాబాదులో ఏదో కంపెనీలో పెద్ద పెద్ద సర్వర్లు చూస్తారు. వారం వారం పాపని చూడ్డానికి వచ్చేవారు. అలా వచ్చిన ఒక ఆదివారం భోజనాల దగ్గర మామగారు ఆయన్ని అడిగారు, ఆఫీసుకి ఎలాంటి ప్రాసెసర్ మంచిదని. ఆయన వర్క్‌స్టేషన్ ప్రాసెసర్ మంచిదన్నారు. అంతే, తీర్మానం అయిపోయింది.

మా వైపు అల్లుడి సంగతి మీకు తెలియనిది కాదు. అత్తగారు వడ్డిస్తుంటే వద్దనడం అల్లుడికి చేతకాదు, అల్లుడు ఒక మాట అంటే కాదనడం మామగారికి చేతకాదు. అందులోనూ కొత్త అల్లుడు, పైగా ఆ విద్యలోనే ఉన్నవాడు. సోమవారం పొద్దున్న ఇంజనీరుగారు ఆఫీసుకి వస్తూనే ఆ కబురు చెప్పారు. సాయంత్రానికి చర్చిలోవాళ్ళకీ, వీధిలోవాళ్ళకీ, కాకినాడ డీలరుకీ కూడా తెలిసిపోయింది.

ఇక్కడ కాస్త సాంకేతికం చెప్పాలి, కొంచెమే. ప్రాసెసర్‌లో పనిచేసే భాగాల్ని కోర్లంటారు. వర్క్‌స్టేషన్ ప్రాసెసర్‌లో కోర్లు చాలా ఎక్కువ. బోలెడంత మెమరీ పెట్టుకోవచ్చు, ఆ మెమరీలో ఎక్కడైనా తప్పు దొర్లితే పట్టుకుని దిద్దే ఏర్పాటు కూడా ఉంటుంది. డెస్క్‌టాప్ ప్రాసెసర్‌లో కోర్లు తక్కువే గానీ ఒక్కొక్కటీ మహా చురుకు. కొబ్బరి దింపు చూసినవాళ్ళకి దీని తేడా చెప్పడం తేలిక. తోటంతా దింపాలంటే చెట్టెక్కేవాళ్ళు ఎంతమంది ఉంటే అంత మంచిది. ఒక్క చెట్టే ఉంటే ఒక్కడే ఎక్కుతాడు, మిగతావాళ్ళు కింద నిలబడి బీడీలు కాల్చుకోవాలి. ఫోటోలు కుట్టడం తోట దింపులాంటిది. ప్లాను గీయడం ఒక్క చెట్టు పని. మా ఆఫీసులో తోట పని ఎప్పుడో గానీ రాదు, చెట్టు పని రోజూ ఉంటుంది.

నోటి లెక్కలతో తేల్చడం నాకు ఇష్టం ఉండదు. మా ఊళ్ళో ఒక కాలేజీలో వర్క్‌స్టేషన్ ఉందని తెలిసి మా ఫోటోలు పట్టుకుని వెళ్ళాను. దానికి పువ్వుల గుడ్డ కప్పి, పసుపు కుంకుమ బొట్లు పెట్టి, ఎవరూ ముట్టుకోకుండా కాపాడుతున్నారు. ల్యాబ్ చూసే ఆయన నాకు పాత పరిచయం. "పాడవుతుందేమోనండీ" అని నసుగుతూనే గుడ్డ తీశాడు. ఆ తర్వాత పెళ్ళి ఆల్బమ్‌లు చేసే ఒక స్టూడియోలో కొత్త డెస్క్‌టాప్ మిషను మీద అదే పని చేసి చూశాను. ఫోటోలు కుట్టడంలో వర్క్‌స్టేషన్‌కి సాటి లేదు. మొత్తం పటాన్ని ఒక్కసారి ఇస్తే డెస్క్‌టాప్ మెమరీ చాలక మధ్యలో చేతులెత్తేసింది కూడా. కాలవకొక ముక్కగా చేసి ఇస్తే అదీ కుట్టింది, కాకపోతే నిదానంగా. గీసే పనిలో మాత్రం డెస్క్‌టాపే ముందుంది. బొమ్మని ఇలా జరిపితే అలా జరిగింది.

స్టూడియోలో కూర్చుని చాలాసేపు ఆలోచించాను. ఫోటోలు కుట్టేటప్పుడు మిషను ముందు ఎవరూ కూర్చోనక్కరలేదు. సాయంత్రం మొదలుపెట్టి ఇంటికి పోతే పొద్దున్నకి అయిపోతుంది. అది ఎంతసేపు పట్టినా ఎవరి బస్సూ తప్పిపోదు. గీసేటప్పుడు మనిషి కూర్చుని ఉంటుంది. మాకు కావలసింది ఏమిటో అక్కడ నాకు స్పష్టంగా తెలిసింది. తెలిసింది సరే, ఆ సంగతి చెప్పడం ఎలా?

"ఇంజనీరుగారూ, ఆ ప్రాసెసర్ సంగతి ఒకసారి మాట్లాడాలండి" అని మొదలుపెట్టాను.

"అల్లుడుగారు చెప్పేరు కదండీ."

"చెప్పేరనుకోండి. మన పనికి అది..."

"ఆయన రోజూ వాటి మధ్యనే ఉంటారండి. మనకన్నా బాగా తెలుసు కదా."

"ఆయ్" అన్నాను. ఇంకేమంటాను? ఆయన ఇంటికి వెళ్ళినప్పుడు అమ్మగారి చెవిన వేద్దామని చూశాను. పాపకి సాంబ్రాణి వేస్తూ ఆవిడ అన్నారు కదా, "మా అల్లుడుగారికి ఆ ప్రాసెసర్లూ అవీ కొట్టిన పిండండి" అని. సాంబ్రాణి పొగలో దగ్గుకుంటూ బయటికొచ్చేశాను. నెలాఖరు దగ్గరపడుతోంది. ఆఫీసులో ఆ ప్లాన్ల అమ్మాయి తన డ్రాయరు సర్దుకుంటోంది, పాత కాగితాలు చింపి బుట్టలో వేస్తోంది. నన్ను చూసి నవ్వేది, మళ్ళీ ఆ కాగితాల్లో పడేది.

చివరికి ఒక శనివారం అల్లుడుగారినే ఆఫీసుకి తీసుకొచ్చారు ఇంజనీరుగారు. అల్లుడి ఎదుటే డీలరుకి ఫోన్ చేసి ఆర్డరు ఖాయం చేయాలని ఆయన సరదా. కొబ్బరి బొండాలు తెప్పించారు. అల్లుడుగారు నెమ్మదైన మనిషి. అందరికీ లేచి నమస్కారం పెట్టారు, ఒక బొండం తాగేసరికి రెండోది చేతిలో పెడితే అదీ తాగారు. ఇంజనీరుగారికి ఇంతలో ఎవరో రైతు నుంచి ఫోన్ వస్తే మాట్లాడుతూ వరండాలోకి వెళ్ళారు. ఇదే అదననుకున్నాను.

"బాబూ, మీరొక్కసారి ఈ కుర్చీలో కూర్చుని ఈ ప్లాను చూస్తారా?" అని అడిగాను. ఆ అమ్మాయి లేచి ఆయనకి కుర్చీ ఇచ్చింది.

అల్లుడుగారు మౌసు కదిపారు. బొమ్మ కదల్లేదు. మళ్ళీ కదిపారు. ఆ మిషను తన అలవాటు ప్రకారం ఆలోచనలో పడింది. ఆయనకి విద్య తెలుసు కదా, వెంటనే కోర్లు ఏం చేస్తున్నాయో చూపించే పట్టిక తెరిచారు. ఒక కోరు ఊపిరాడకుండా పనిచేస్తోంది, మిగతావన్నీ నిద్రపోతున్నాయి. ఆయన నా వంక చూసి గొంతు తగ్గించారు.

"మీ పని ఎక్కువగా ఇదేనాండీ?"

"రోజూ ఇదేనండి. ఫోటోలు కుట్టేది ఎప్పుడోగానీ ఉండదు."

"అయ్యబాబోయ్! దీనికి నేను చెప్పింది దండగండి. ఇన్ని కోర్లు ఏం చేసుకుంటారు? మా కంపెనీలో లాగా మీకూ సర్వరనుకున్నానండి నేను. మామయ్యగారు అడిగినప్పుడు అత్తయ్యగారు రొయ్యల ఇగురు వడ్డిస్తున్నారు. వద్దంటే ఊరుకోవడం లేదు. నోటినిండా అన్నం ఉంది. ఏదో ఒకటి చెప్పేసేను."

నాకు లేచి గంతెయ్యాలనిపించింది. "అయితే ఆ మాటే మామగారితో అనేయండి బాబూ" అన్నాను.

"నేనా! ఊరందరికీ చెప్పేసుకున్నారండి ఆయన. పాపని చూడ్డానికి వచ్చినవాళ్ళు కూడా నన్ను ప్రాసెసర్ గురించే అడుగుతున్నారు. ఇప్పుడు కాదంటే ఆయనకి తల కొట్టేసినట్టు ఉంటుంది. పెద్దవారు, మీరే చెప్పండి."

"మీరు అల్లుడుగారు. మీరు చెప్తేనే బాగుంటుందండి."

"లేదండి, మీరే."

ఇలా మేమిద్దరం ఒకరినొకరు గౌరవించుకుంటూ ఉండగా ఇంజనీరుగారు లోపలికి వచ్చేశారు. "ఏంటండీ, ఏమంటున్నారు మా అల్లుడుగారు?" అని నవ్వుతూ అడిగారు. నేను ఏమన్నానో తెలుసా? "బాగానే ఉంటుందంటున్నారండి" అన్నాను. అల్లుడుగారు తలూపారు. మా ఇద్దరి చదువూ అనుభవమూ కలిపి అంతకి మించి పలకలేకపోయాయి. ఇంజనీరుగారు "అయితే ఇంకేం" అని డీలరు నంబరు కోసం ఫోన్‌లో వెతుకుతున్నారు.

అప్పుడు పక్కన నిలబడి ఉన్న ఆ అమ్మాయి అంది, "సార్, ఒక్క మాటండి."

"చెప్పమ్మా."

"ఆ పెద్ద మిషను కొంటే నేను మానేస్తానండి."

గొంతు పెద్దది చేయలేదు. కోపం లేదు. చేతులు రెండూ కుర్చీ వెనక భాగాన్ని గట్టిగా పట్టుకుని ఉన్నాయి. అల్లుడుగారు కుర్చీలోంచి లేచి నిలబడ్డారు, ఏదో తప్పు చేసినవాడిలా. ఇంజనీరుగారు ఫోన్ బల్ల మీద పెట్టేశారు.

"అదేంటమ్మా అంత మాట! ఏమైంది?"

ఆమె చెప్పింది. అత్తగారి కళ్ళ సంగతి, పెరటి వెనక కాలవ సంగతి, పిల్ల సంగతి. బొమ్మ కదలడానికే పగలంతా గడిచిపోతోందని చెప్పింది. ఆ పెద్ద మిషను ఫోటోల గదిలోకి పోతుందనీ, తనకి ఈ పాతదే మిగులుతుందనీ చెప్పింది. "మీ మీద కోపంతో కాదండి. అక్కడ పిల్ల ఏమవుతుందోనని ఇక్కడ నా చెయ్యి ఆడట్లేదండి" అంది. అప్పుడు గానీ నాకు నోరు పెగల్లేదు. కాలేజీలో ఏం చూశానో, స్టూడియోలో ఏం చూశానో గబగబా చెప్పేశాను. అల్లుడుగారు కూడా "నిజమే మామయ్యగారూ, నేను సరిగ్గా వినకుండా చెప్పేసేను. రెండు డెస్క్‌టాప్‌లే మంచిదండి, మెమరీ నిండుగా వేయిద్దాం" అన్నారు.

ఇంజనీరుగారి మొహం వంక చూడ్డానికి నాకు ధైర్యం చాలలేదు. ఆయన వెళ్ళి తన కుర్చీలో కూర్చుని, వెనక్కి వాలి, "హమ్మయ్య" అన్నారు.

మేం ముగ్గురం ఆయన వంకే చూస్తున్నాం.

"ఎవరైనా వద్దంటారేమోనని వారం రోజుల్నుంచి చూస్తున్నానండీ బాబూ" అన్నారు. "ఆ మిషనుకి వేరే ఏసీ ఉండాలన్నాడు డీలరు. కరెంటుకి వేరే లైను లాగాలన్నాడు. ఇక్కడ వర్షం పడితే మన వోల్టేజీ ఎలా ఉంటుందో నాకు తెలీదా? గుండెల్లో రాయి పడింది. మరి అల్లుడుగారు అన్నమాట నేనెలా తీసేస్తానండీ? బాగుంటుందా?"

అల్లుడుగారు నవ్వడం మొదలుపెట్టారు. ఆపుకోలేకపోయారు. ఇంజనీరుగారు కూడా నవ్వారు, నేనూ నవ్వాను. ఎవరికీ అక్కరలేని మిషనుని అందరం కలిసి మర్యాదగా కొనేయబోయాం. ఇంజనీరుగారు కళ్ళు తుడుచుకుని ఆ అమ్మాయి వైపు తిరిగారు. ఆమె ఇంకా కుర్చీ వదల్లేదు.

"ఇన్నాళ్ళు ఎందుకు చెప్పలేదమ్మా?"

"మీరు అడగలేదు కదండీ" అంది ఆమె. "అల్లుడుగారిని అడిగేరు."

ఆ మాటకి మా నవ్వు ఆగిపోయింది. ఇంజనీరుగారు లేచి వెళ్ళి, పక్క బల్ల దగ్గర ఉన్న స్టూలు లాక్కుని ఆమె మిషను పక్కన కూర్చున్నారు. "కూర్చో అమ్మా. ఇప్పుడు అడుగుతున్నాను. నీకేం కావాలి?" అన్నారు. కోర్లూ మెమరీ గురించి ఆమె ఒక్క ముక్క మాట్లాడలేదు.

"జరిపితే బొమ్మ జరగాలండి. పొద్దుండగా ఇల్లు చేరాలి."

"అంతేనా?"

"ఆయ్, అంతేనండి."

నా ఉద్యోగ జీవితంలో ఒక మిషనుకి ఏం కావాలో అంత తేటగా చెప్పినవాళ్ళు వేరే ఎవరూ లేరు. ఆ సాయంత్రమే రెండు డెస్క్‌టాప్‌లకి ఆర్డరు వెళ్ళింది. డీలరు "అల్లుడుగారు చెప్పింది వేరే కదండీ" అని సందేహపడితే, అల్లుడుగారే ఫోన్ తీసుకుని మాట్లాడారు. వెళ్ళేటప్పుడు ఆయన నా చెయ్యి పట్టుకుని, "ఇవాళ రాత్రి నాకు హాయిగా నిద్రపడుతుందండి" అన్నారు. నాకూ అలాగే అనిపించింది.

మీరు అడిగిన దానికి నా జవాబు ఇదేనండి. తోట పని రోజూ ఉండేవాళ్ళు, ఒక్క తప్పు దొర్లినా కొంప మునిగే లెక్కలు చేసేవాళ్ళు వర్క్‌స్టేషన్ ప్రాసెసర్ తీసుకోవాలి, అది వాళ్ళకి వృథా కాదు. మిగతావాళ్ళు ముందుగా ఆ మిషను ఎదురుగా కూర్చునే మనిషిని కనుక్కోండి. వెళ్ళి ఆ మనిషి పక్కన కూర్చోండి. పత్రికల్లో వచ్చే పోలికల పట్టికలు తర్వాత చూసుకోవచ్చు.

కొత్త మిషన్లు నెలాఖరుకి ముందే వచ్చాయి. అయినా నాకు గుబులు పోలేదు. ఇంట్లో మానేస్తానని మాట ఇచ్చేసిందేమో, అత్తగారు ఇంక చాలన్నారేమో, ఎవరికి తెలుసు? నెలాఖరు రోజున పొద్దుటి నుంచీ ఆమె బల్ల వైపు దొంగచూపులు చూస్తూనే ఉన్నాను. ఉప్పలగుప్తం పటంలో ఒక కాలవ పూర్తిచేసింది, రెండోది మొదలుపెట్టింది. సాయంత్రం మిషను ఆపేసి, సంచి భుజాన వేసుకుని నా దగ్గరికి వచ్చింది. కిటికీ బయట ఇంకా ఎండ ఉంది.

"బాబాయిగారూ, రేపు తాళాలు కాస్త పెందరాళే తీయించండి" అంది. "ముందు బస్సుకే వచ్చేస్తాను. రెండో కాలవ సగంలో ఆపేనండి."